మోచేతి ఎత్తు

చట్నీకి కొబ్బరి తురుముతుంటే వెనక నుంచి దొరబాబు అరిచాడు. "నా డ్రాయింగు మీద ఈ గీతలేటే? ఎవులు గీసారు?"

దొరబాబు నా భర్త. కూర్మన్నపాలెంలో వెల్డింగ్ షెడ్డు. ఒక ట్రస్టు వాళ్లు పాత బస్సు తెచ్చి, బడుల చుట్టూ తిరిగే వర్క్‌షాపుగా మార్చమన్నారు. పిల్లలు ఎక్కి, సుత్తీ రంపమూ పట్టి, తమ చేత్తో ఏదో ఒకటి చేసుకుని దిగాలి. వాళ్లకు పని చూపించడానికి ఒక మనిషి కూడా కావాలట. పిల్లలు పనిచేసే బల్లకు ఈయన ముప్ఫై ఆరు అంగుళాల ఎత్తు వేశాడు. దాని మీద బిగించే వైస్, అదే ఇనుప ముక్కను కదలకుండా పట్టేది, ఇంకో ఆరు. అచ్చం ఈయన మోచేతి ఎత్తు.

"నానే మావా. వైస్ పిల్లల మోచేతికి అందాలి కదా."

"ఏడు నెల్ల ఐటీఐకి ఇంజినీరైపోయావేటే!"

"ముందు గుంటదానికి పాలట్టు," అంది అత్త. "బస్సులు తరవాత కడుదువు గాని."

అవును, ఏడు నెలలే. పెళ్లి కుదిరిందని ఫిట్టర్ చదువు మాన్పించారు. మోచేతి లెక్క మొదటి వారం పాఠం. అయినా భయమేసి, వీధిలో ఆరో తరగతి పిల్లల్ని గోడకు నిలబెట్టి కొలిచాను. ఎవరి మోచెయ్యీ ముప్ఫై మూడు దాటలేదు. అందులో వైస్ ఆరూ తీసేసి, కాగితం మీద బల్ల ఇరవై ఏడు చేశాను. తప్పయితే? ఏ పిల్ల వేలైనా తెగితే? అడగడానికి ఎవరున్నారు? ఈ ఇంట్లో ఉప్పు సరిపోయిందా అని రోజుకు మూడుసార్లు నేనడుగుతాను. నన్ను ఎవరూ ఏదీ అడగరు. పాపతో మాట్లాడతాను, దానికింకా మాటలు రావు.

తిరిగి గీసే తీరిక లేక ఆయన ఆ కాగితాన్నే ఫొటో తీసి పంపేశాడు. సాయంత్రం ట్రస్టు మేడమ్ ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టాడు.

"ప్లాను చాలా బాగుందండీ దొరబాబు గారూ. బల్ల ఇరవై ఏడే ఎందుకు పెట్టారు?"

ఆయన ఫోన్‌ను అరచేత్తో మూశాడు. "ఎందుకే? బేగి సెప్పు."

ఇలాగే కదా ఎప్పుడూ. డాక్టరు పాప జ్వరం గురించి ఆయన్ని అడుగుతాడు, ఆయన నన్నడుగుతాడు, నా జవాబు ఆయన నోట్లోంచి వెళుతుంది. ఇప్పుడు చెప్తే ఇదీ అలాగే వెళ్లిపోతుంది. పాపను ఆయన ఒళ్లో పెట్టి, ఫోన్ తీసుకున్నాను.

"ఆ కొలత నాదండీ. ఎందుకలా ఎట్టానో పిల్లలకే సూపిస్తాను. బస్సుతో ఒచ్చే మనిషిని నానే."