ఆనవాలు మిగలని పని

"ఆవిడది మెయింటెనెన్సు పనేనమ్మా. కొత్తగా కట్టేదేం ఉండదు. ఉన్నదాన్ని తుడుచుకుంటూ కూర్చోవడమే," అన్నాడు భర్త వాళ్లమ్మతో, సోఫాలో కాళ్లు చాపుకుని.

ఆయన ఆ మాట అంటున్నప్పుడు ఆమె నిజంగానే తుడుస్తోంది. పాలు పొంగి స్టవ్వు మీద అట్ట కట్టాయి. "నేను చూస్తుంటాలే" అన్నది ఆయనే. పాలను వదిలేసి ఫోను చూసిందీ ఆయనే.

"అలాంటప్పుడు నా మోకాలి ఆపరేషన్‌కి నెల రోజులు ఇంట్లో ఉండటానికేం నొప్పి?" అంది అత్తగారు.

"ఉంటుందమ్మా. నేను మాట్లాడేశాను."

ఎవరితో మాట్లాడారని అడగబోయింది. ఈలోగా "నా ఛార్జరెక్కడ?" అని ఆయన కేక. వెతికి ఇచ్చేసరికి అడగాల్సిన ప్రశ్న ఎటో కొట్టుకుపోయింది. ఆఫీసుకి టైమైంది.

ఆమె పని ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుసుకునే ఓపికా లేదు. ఆస్పత్రి మంచం పక్కన మందును చుక్క చుక్కగా లెక్కగట్టి రక్తంలోకి పంపే యంత్రం ఒకటుంటుంది. దాని లోపల ఒక ఆపరేటింగ్ సిస్టమ్, దాని నడిబొడ్డున అన్నిటినీ నడిపించే కెర్నల్. ఆ కెర్నల్‌కీ అట్టడుగున, ప్రాసెసర్‌కి అర్థమయ్యే అసెంబ్లీ భాషలో రాసిన మాక్రోలు కొన్ని ఉంటాయి. ఒకసారి రాసిపెట్టుకుని, కావలసిన చోటల్లా పేరుతో పిలుచుకునే చిన్న చిన్న ఆజ్ఞల మూటలు. వాటి బాగోగులు ఆమెవి. యంత్రం ఏదో లెక్కలో ఉండగా నర్సు మీట నొక్కుతుంది. లేదా గొట్టంలో గాలిబుడగ కనబడుతుంది. ఇలా పని మధ్యలో వచ్చిపడే పిలుపుని ఇంటరప్ట్ అంటారు. అప్పుడు ఆమె మాక్రో ముందుగా యంత్రం చేతిలో ఉన్న పనిని, రిజిస్టర్లనే దాని చిట్టి పలకల మీది ప్రతి అంకెతో సహా భద్రంగా దాచాలి. వచ్చిన పని సంగతి తేలాక, దాచినవన్నీ ఎక్కడివక్కడ పెట్టేయాలి. మధ్యలో ఒకరు వచ్చి వెళ్లారన్న సంగతి ఆగిన లెక్కకి తెలియనే కూడదు. ఎంత బాగా చేస్తే అంతగా ఆనవాలు మిగలని పని. అలాంటి పనికి చప్పట్లు ఎవరు కొడతారు?

సీట్లో కూర్చుని కంప్యూటర్ తెరిచేసరికి ఆమె మాక్రోల్లో మార్పులు చేసి టీమ్ లీడు పంపిన ప్యాచ్ ఎదురుగా ఉంది. ఆమె మనసులో ఆయన పేరు స్లైడుబాబు. స్లైడు లేకుండా నోరు తెరవడు. స్లైడు అయిపోయినా మూయడు. అదే కంపెనీలో అమ్మకాలు చూసే ఆమె భర్తకి కాలేజీ నాటి స్నేహితుడు. ప్యాచ్‌కి "మాక్రోల ఆధునికీకరణ" అని నామకరణం కూడా చేశాడు.

రెండు మాక్రోల్ని కలిపి ఒకటి చేశాడు. వరసలు కంటికి ఇంపుగా ఉండాలని కాబోలు, ఒక ఆజ్ఞని పైకి జరిపాడు. ఆ ఆజ్ఞ ఒక రిజిస్టర్‌ని చిత్తుకాగితంలా వాడుకుంటుంది. ఆ రిజిస్టర్‌ని దాచాల్సిన ఆజ్ఞ ఇప్పుడు దాని కిందకి పోయింది. అంటే మహానుభావుడు ఎదుటివాడి పలక మీది లెక్క చెరిపేసి, తన గీతలు గీసుకుని, ఆ గీతల పలకని ఎంతో జాగ్రత్తగా బీరువాలో పెట్టి తాళం వేశాడు.

పరీక్షలన్నీ పాసయ్యాయని కింద గొప్పగా రాసుకున్నాడు. ఎందుకు పాసవవూ? ఆ పరీక్షల్లో యంత్రం గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నప్పుడే ఇంటరప్ట్ వస్తుంది. పోగొట్టుకోవడానికి దాని చేతిలో ఏమీ ఉండదు. మోతాదు లెక్కగడుతుండగా వస్తే? ఆ మందు ఎక్కుతున్న మనిషిని ఈయన ఏ స్లైడులో చూపిస్తాడు?

ప్యాచ్ చివరికంటా వెళ్లింది. మాక్రోల బాగోగులకి బాధ్యులెవరో చెప్పే మెయింటెయినర్ అన్నచోట ఆమె పేరు కొట్టేసి ఉంది. కింద ఆయన పేరు.

"చూశారా మేడమ్?" స్లైడుబాబు కాఫీ కప్పుతో దిగాడు. "ఒక్క ఓకే కొట్టేయండి. సాయంత్రం రిలీజు."

"నా పేరు తీసేశారు."

"అబ్బే, ఫార్మాలిటీ! ఇంట్లో పెద్దావిడ ఆపరేషన్, మీకు తేలికపాటి పని కావాలి అని మీవారు చెప్పారు. పోనీలే అని ఆ బరువు నేనే నెత్తినెత్తుకున్నా."

పొద్దున భర్త ఎవరితో మాట్లాడేశాడో ఇప్పుడు తెలిసింది.

"ఇందులో తప్పుంది సర్."

"చిన్నాచితకా ఏమైనా ఉంటే మీరే సర్దేయండి. ఎప్పట్లాగే."

ఎప్పట్లాగే. ఆయన వెళ్లిపోయినా ఆ మాట అక్కడే కుర్చీ వేసుకు కూర్చుంది. నిజమే, ఎన్నిసార్లు సర్దలేదు? ఆయన ప్యాచ్‌లో ఆయనకే తెలియకుండా తప్పు దిద్దేది. మీటింగులో ఆయన చప్పట్లు కొట్టించుకుంటుంటే వెనక వరసలో కూర్చుని లోలోపల నవ్వుకునేది. ఇంట్లో మాత్రం? నోట్లో ముద్ద ఉండగా మంచినీళ్లు, చదువుతుండగా కళ్లజోడు, జ్వరంలో ఉండగా చుట్టాలు. ఎవరు ఎప్పుడు పిలిచినా తన పని పక్కన పెట్టి, వాళ్ల పని చేసి, తను ఆగిన జాడ వాళ్లకి తెలియకుండా మళ్లీ తన పని అందుకునేది. ఇల్లు దానంతటదే నడుస్తోందని భర్త నమ్మాడంటే నమ్మడూ మరి! ఇద్దరూ దద్దమ్మలేనని ఇన్నాళ్లూ మనసులో తిట్టుకుని సంతోషపడింది. ఆ దద్దమ్మల్ని రోజూ ఇస్త్రీ చేసి మేధావుల్లా బయటికి పంపుతున్నదెవరు? ఈ ప్రశ్నకి వచ్చిన జవాబుతో ఆమెకి తన మీద కూడా రోత పుట్టింది.

ఈసారి దిద్దలేదు. మోతాదు లెక్క సగంలో ఉండగా ఇంటరప్ట్ వచ్చేలా ఒక చిన్న పరీక్ష రాసి, ఆయన ప్యాచ్ మీద నడిపింది. లెక్క తప్పింది. తప్పిన లెక్కని జతచేసి టీమ్ అంతటికీ, రిలీజు చూసేవాళ్లకీ మెయిలు పెట్టింది.

"ఈ మార్పుకి నేను ఒప్పుకోను. రిజిస్టర్‌ని దాచకముందే చెరిపేస్తోంది. మెయింటెయినర్ పేరు మార్పుకీ ఒప్పుకోను. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు."

కింద తన పూర్తి పేరు.

రిలీజు ఆగింది. స్లైడుబాబు విసురుగా గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అది అద్దాల గది. చేయి తిప్పుకుంటూ ఫోనులో ఎవరికో మొరపెట్టుకోవడం అందరికీ కనబడుతూనే ఉంది. ఆయన ఫోను పెట్టగానే ఆమె ఫోను మోగింది.

"నలుగురిలో వాడి పరువు తీశావ్!" అన్నాడు భర్త. "ఒక్క మాట నాతో అంటే నేను చూసుకునేవాణ్ణి కదా?"

"మీరు చూసుకోబట్టే నా పేరు పోబోయిందండీ."

"నీ మంచికే చెప్పానే బాబూ! ఆ మెయిలు వెనక్కి తీసుకో. పొరపాటైందని చెప్పు."

"పొరపాటు ఆయనది. ఆయన్నే చెప్పమనండి."

 ఆయన అసలు బాణం తీశాడు. "మరి అమ్మ సంగతి? సెలవెవరు పెడతారు?"

"మీరు పెట్టండి. మీ అమ్మే కదా."

"నేనా!" పగలబడి నవ్వాడు. "నెల రోజులు నేను లేకపోతే ఇక్కడ ఆఫీసులో ఏమవుతుందో తెలుసా నీకు?"

ఆమె తొందరపడలేదు. ఆయన మీటింగులు, ఆయన ఫోన్లు, ఆయన సంతకాలు అన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ, న్యాయంగా, నిజాయితీగా ఆలోచించింది.

"తెలుసండీ," అంది. "ఏమీ అవదు."