వేలం పాడిన చెక్ ట్రే

పటమటలో ఆ పేటెంటు ఏజెంటు ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గానీ నేను ఎక్కను. మధ్యలో కరెంటు పోతే తలుపు తీసేవాళ్ళెవరు? మా అమ్మాయి దీవెన కూడా నాతోపాటు మెట్ల మీదే వచ్చింది, సంచిలో చెక్ ట్రే పట్టుకుని.

రొయ్యల చెరువు చేసేవాళ్ళకు చెక్ ట్రే గురించి చెప్పనక్కర్లేదు. గుండ్రటి ఇనప చట్రానికి వల కుట్టి, అందులో గుప్పెడు మేత వేసి, తాడు కట్టి చెరువులోకి దించుతారు. కాసేపాగి పైకి లాగి చూస్తే రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలుస్తుంది. కానీ లాగేటప్పుడు రొయ్యలు ఎగిరి దూకేస్తాయి, మిగిలిన మేత నీళ్ళలో కొట్టుకుపోతుంది. ట్రే ఖాళీగా ఉంది కదా, తినేశాయి అనుకుని మళ్ళీ వేస్తే ఆ మేత అడుగున కుళ్ళుతుంది, నీళ్ళు పాడవుతాయి. మాకు అలాగే ఒక పంట మొత్తం పోయింది. దీవెన చేసిన దానికి తాడు లాగగానే చుట్టూ ఉన్న వల పైకి లేచి సంచి మూతిలా ముడుచుకుంటుంది. అడుగున ఉన్నది ఉన్నట్టే పైకి వస్తుంది.

దీవెన ఇంజనీరింగు చదివి, విజయవాడలో చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు అమ్మే కంపెనీలో ఉద్యోగం చేసేది. సెలవు రోజుల్లో ఇంటికొచ్చి గట్టు మీద కూర్చుని ఈ ట్రే చేసింది. వియత్నాంలో చెరువు సామాను తయారు చేసే కంపెనీ ఒకటి, తమ దేశంలో దాన్ని చేసి అమ్ముతామని ముందుకొచ్చింది. వాళ్ళకు దీవెన ట్రే ఫొటో కూడా పంపలేదు, అది చేసే పని మాత్రం చెప్పింది. దాని మీద నీకు హక్కు ఉండాలి, లేకపోతే ఒప్పందం లేదని వాళ్ళన్నారు. దీవెన ఆ మాట పట్టుకుని ఉద్యోగం మానేసింది. నేను వద్దన్నాను. వియత్నాం ఎక్కడుందో నాకు తెలియదు, అక్కడివాళ్ళు మాట తప్పితే ఎవరిని అడుగుతాం?

ఏజెంటు మనోజ్ఞ గారు నాకంటే చిన్నది, నెమ్మదిగా మాట్లాడుతుంది. పేటెంటు ఏ దేశానికి ఆ దేశమే ఇస్తుందని, ఇక్కడ తీసుకున్నది ఇక్కడికే పనికొస్తుందని చెప్పింది. అందుకని ముందు మన దేశంలో దరఖాస్తు వేసి, ఏడాది లోపల మిగతా దేశాల్లో వేసుకుంటారట. ట్రేని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందమ్మా అని మెచ్చుకుంది. తర్వాత అడిగింది.

"దీన్ని బయటెక్కడైనా చూపించారా? అమ్మడం గానీ, ఫేస్‌బుక్‌లో పెట్టడం గానీ?"

"లేదండీ. మా కంపెనీలో కూడా ఎవరికీ తెలియదు," అంది దీవెన.

అది కావాలని చెప్పిన అబద్ధం కాదు. దాని మనసులో బయట అంటే కంపెనీలు, ఎగ్జిబిషన్లు. మనోజ్ఞ గారు కంప్యూటర్లో ఏదో కొట్టుకుంటూ, ఇందులో తప్పు చెబితే ఎప్పుడైనా ఎవరైనా కోర్టుకెక్కి మొత్తం కొట్టేయించవచ్చని మామూలుగా అంది. కోర్టు అన్న మాట వినగానే నేను ఆగలేకపోయాను.

"అమ్మా, మరి కోత పండక్కి గుళ్ళో ఇచ్చింది లెక్కలోకి వస్తుందా?" అన్నాను.

దీవెన నావైపు తిరిగింది. మనోజ్ఞ గారు కొట్టడం ఆపింది.

మా చర్చి సంఘంలో కోత పండగకు ఎవరి మొదటి ఫలం వాళ్ళు తెచ్చి ఆరాధనలో బల్ల ముందు పెడతారు. వరి కంకులు, గుమ్మడికాయ, కోడిపుంజు, చీర నేసినవాళ్ళు చీర. చేసిన వస్తువుల్లో మొదటిది దేవుడిదని, అది ఇవ్వకుండా రెండోది వాడుకోకూడదని మా ఆయన లాజరు పట్టింపు. దీవెన తన చేతులతోనే మొదటి ట్రే తీసుకెళ్ళి అక్కడ పెట్టింది. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. ఆరాధన అయ్యాక గుడి ముందు షామియానా కింద కానుకలన్నీ వేలం వేస్తారు. వేలం పాడించేది సంఘ పెద్ద ఫిలిప్పన్నయ్య. ఆయన నోటికి ఎదురు లేదు. పుంజును పాడించేటప్పుడు కూత కూడా ఆయనే కూస్తాడు.

ట్రే వంతు వచ్చేసరికి ఆయన నీళ్ళ డ్రమ్ము తెప్పించాడు. అందులో ట్రే దించి, రెండు వంకాయలు వేసి, "ఇవే రొయ్యలనుకోండి. మీరు మీ ఇంటావిడని చూసుకున్నంత జాగ్రత్తగా చూడండి," అని తాడు లాగాడు. వల లేచి మూసుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎలా ముడుచుకుంటోందో చూపించడానికి మళ్ళీ మళ్ళీ లాగాడు. మా చెరువు పక్క చెరువు చేసే యేసుకుమార్ దాన్ని పాడుకున్నాడు. ఎవరో ఫోన్లో తీస్తే, ఆ వీడియో సంఘం యూట్యూబులో పెట్టారు.

ఆ రోజుల్లోనే నేను రెండో ట్రేని ఎవరైనా ఎత్తుకుపోతారని బియ్యం డ్రమ్ములో దాచి, మీద గోనె కప్పేదాన్ని.

మనోజ్ఞ గారు అంతా విని, కోప్పడలేదు. దరఖాస్తు వేయకముందే ఊరందరి ముందు చూపించి అమ్మినట్టు అయింది కాబట్టి మన దేశంలో ఇక కొత్తది కింద ఒప్పుకోరని చెప్పింది. సర్కారు గుర్తించిన ఎగ్జిబిషన్ లాంటి వాటికి మినహాయింపు ఉందట, గుడి వేలం అందులోకి రాదు. చైనాలోనూ పేటెంటు రాదు, యూరప్‌లోనూ రాదు. కొన్ని దేశాలు మాత్రం, చేసిన మనిషే బయటపెట్టుకుంటే ఏడాది గడువిస్తాయట. అమెరికా ఇస్తుంది, జపాన్ ఇస్తుంది, వియత్నాం కూడా ఇస్తుంది. పండగై ఇంకా ఏడాది కాలేదు. పైవారం రమ్మంది, అప్పటికి తాను అన్నీ సరిచూసుకుంటానంది.

 బస్సులో కూర్చున్నాక దీవెన అంది.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే ఆవిడకెలా తెలిసేది?"

"తర్వాత తెలిస్తే జైల్లో పెడతారేమోనే."

"జైలేంటి మమ్మీ? పేటెంటుకి జైలుంటుందా?"

ఉండదని నాకు ఎవరు చెప్పారు? కిటికీలోంచి ఉయ్యూరు వరకు చెరకు లారీలు చూస్తూ కూర్చున్నాను. ఏ లారీ వచ్చి బస్సును గుద్దుతుందోనని అదొక భయం.

ఇంటికెళ్ళి చెప్పేసరికి లాజరు అన్నం తినకుండా చొక్కా వేసుకుని బయల్దేరాడు. వీడియో తీసేయించి, యేసుకుమార్ దగ్గర ట్రే వెనక్కి తీసుకుంటే ఏమీ జరగనట్టే కదా అని ఆయన లెక్క. ఫిలిప్పన్నయ్య, పిల్ల భవిష్యత్తు కంటే వీడియో ఎక్కువా అని అప్పటికప్పుడు తీసేయించాడు. తీసినవాళ్ళ ఫోన్లో ఉన్నది కూడా చెరిపించాడు. మర్నాడు యేసుకుమార్ చెరువు దగ్గరికి నేనూ వెళ్ళాను. మా ఆయన ఒక్కడే వెళితే మాటా మాటా పెరిగి, గట్టు మీద కాలు జారి నీళ్ళలో పడితే?

యేసుకుమార్ మోటారు షెడ్డు ముందు మంచం వేసి కూర్చోబెట్టాడు. లాజరు అంతా చెప్పాడు.

"తీసుకుపో అన్నయ్యా, దేవుడికిచ్చింది వెనక్కి తీసుకుంటే నాకేం అభ్యంతరం? అది నీకూ ఆయనకూ మధ్య విషయం," అన్నాడు యేసుకుమార్. తర్వాత చెరువు అవతలికి చెయ్యి చూపించాడు. "కానీ బసవయ్య చెరువులో వాటినేం చేస్తావు? దాని అవతల చెరువుల్లో వాటినో?"

అటు చూశాం. నాలుగు చెరువుల దగ్గర అచ్చం దీవెన ట్రే లాంటివే కనిపించాయి. చల్లపల్లిలో వెల్డింగు షాపు అతను చేస్తున్నాడట. బసవయ్య యేసుకుమార్ ట్రేని ఒక పూట అడిగి పట్టుకెళ్ళి అతనికి చూపించాడట. ఇవ్వకుండా ఎలా ఉంటాను, పక్క చెరువు పోతే జబ్బు నా చెరువుకే వస్తుంది కదా అన్నాడు యేసుకుమార్. అది నిజమే. లాజరు లేచి నిలబడి, ట్రే అడగకుండా వచ్చేశాడు.

మనోజ్ఞ గారి దగ్గరికి రెండోసారి వెళ్ళినప్పుడు లాజరు కూడా వచ్చాడు. ఆవిడ వియత్నాంలో వేద్దామంది, అమెరికాలో కూడా వేద్దామంది. అంతకు మించితే మనం మోయలేమంది. బయటి దేశంలో వేయడానికి కూడా ముందు ఇక్కడి ఆఫీసు అనుమతి కావాలట, అది తాను చూసుకుంటానంది. గడువు వాడుకోవాలంటే ట్రే ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా బయటికొచ్చిందో ఆధారం ఉంటే మంచిదని, ఆ వీడియో పంపమని చెప్పింది.

లాజరు తల వంచుకున్నాడు. "తీయించేశానండి. అది లేకపోతేనే మంచిదనుకున్నాను," అన్నాడు.

 దీవెన తండ్రిని అలా చూడలేక లేచి వరండాలోకెళ్ళి ఎవరెవరికో ఫోన్లు చేసింది. ఫిలిప్పన్నయ్య దగ్గర లేదు. అయ్యగారి దగ్గర లేదు. అప్పటికి నేను సర్వం అయిపోయిందనే అనుకున్నాను. ఉద్యోగం లేదు, హక్కు లేదు. దీవెనను బావి ఉన్న ఇంట్లో ఒంటరిగా వదలకూడదని మనసులో అనుకుంటున్నాను.

చివరికి యేసుకుమార్ దగ్గర దొరికింది. వేలంలో తన పేరు పిలిచారని, కువైట్‌లో ఉన్న బావమరిదికి పంపుకున్నాడట. ఆ బావమరిది తన గదిలో వాళ్ళందరికీ పంపాడట. యేసుకుమార్ ఫోన్లో నవ్వాడు. "చెరిపేయడానికి కువైట్ దాకా ఎవరు పోతారమ్మా?" అన్నాడట.

మనోజ్ఞ గారు వీడియో మొత్తం చూసింది, వంకాయల దగ్గర నవ్వు ఆపుకోలేకపోయింది. వెనకాల గుడ్డ బ్యానరు మీద పండగ తేదీ కనిపిస్తోంది. ఆ తేదీ రాసుకుని, దరఖాస్తు వేసే దేశాల పేర్లు చదివింది. మన దేశం పేరు లేదు. అయినా దీవెన, వేయండి అంది.

దరఖాస్తు వేస్తున్నామంటే వియత్నాం వాళ్ళు అప్పటికి సరేనన్నారు. హక్కు వచ్చాకే మిగతా మాట. అదెప్పుడో, ఈలోగా వాళ్ళ మనసు మారుతుందో ఎవరికి తెలుసు?

తిరుగు ప్రయాణంలో చల్లపల్లిలో బస్సు దిగాం. మా ఊరి ఆటో దొరికే చోటే ఆ వెల్డింగు షాపు. బయట మేకులకు ట్రేలు వరసగా వేలాడుతున్నాయి. లాజరు అటు చూడకుండా ఆటో దగ్గరికి వెళ్ళాడు. దీవెన ఆగింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. గొడవ పెట్టుకుంటుందని, షాపతని చేతిలో వెల్డింగు రాడ్డు ఉందని భయం.

అది ఒక ట్రే దించి, తాడు లాగి చూసింది. వల సగం లేచి చట్రానికి తట్టుకుంది. మళ్ళీ లాగింది, మళ్ళీ తట్టుకుంది.

"కుట్టు బయటివైపు వేశారండీ, అందుకే పట్టేస్తోంది. లోపలివైపు వేయించండి," అంది.

అతను కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు. "నీకెలా తెలుసమ్మా?"

"మా నాన్న చెరువు చేస్తారండీ."

అతను తనే రెండుసార్లు లాగి చూసి, ఒప్పుకున్నట్టు తలాడించాడు. దీవెన ట్రేని మేకుకు తగిలించింది. ఆటోలో తండ్రి పక్కన ఎక్కి కూర్చుని, నాకు చోటిచ్చింది.