ఆకులో సున్నం

"ఆకులో సున్నం తగ్గించమంటే విన్నావా ఏమే నువ్వు?"

పురసవాక్కం ఆస్పత్రిలో, డాక్టరు ఎదుటనే అన్నాడు గోపాలస్వామి. అతని భార్య తాయారు గుండెలో ఒక కవాటం మందమైంది, గట్టిపడింది, సుణ్ణాంబు, అంటే సున్నం, పట్టినట్టుంది అని డాక్టరు శరణ్య తమిళంలో చెప్పింది. అతనికి ఆ ఒక్క మాట చాలింది. భార్య అన్నం తిన్నాక ఆకూవక్కా వేసుకుంటుంది. తప్పు దొరికింది.

"తిన్న సున్నం పోయి గుండెలో కూర్చోదు సార్," అంది డాక్టరు. "వయసు మీరితే ఇట్లా అవుతుంది. కిడ్నీలు చెడితే అవుతుంది. పుట్టుకతోనే కవాటం సరిగా లేకపోయినా అవుతుంది. ఈమెకు అవేవీ కనబడలేదు. అమ్మా, చిన్నప్పుడు గొంతునొప్పీ జ్వరమూ వచ్చి కీళ్ళు వాచినాయా?"

"అట్లాంటిదేం లేదు డాక్టర్," అన్నాడు గోపాలస్వామి.

తాయారు అతని వైపు చూసింది. ఎంత తొందరగా అన్నాడు! మరిచిపోయిన మనిషైతే కాసేపు ఆలోచిస్తాడు.

తిరుత్తణి దగ్గర పల్లెలో, బడికి పోయే వయసులో, మోకాళ్ళు వాచి ఆమె మంచం దిగలేకపోయింది. పేడ ఎత్తమంటే వచ్చే నొప్పి అన్నారు ముందు. గవర్నమెంటు డాక్టరు చూసి, జ్వరం గుండెను తాకింది, మూడు వారాలకొక పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేయించాలన్నాడు. నాయన సైకిలు మీద తీసుకుపోయేవాడు. పెళ్ళప్పుడు ఆ సంగతి దాచలేదు. ఈ ఇంటికి వచ్చినాక అత్త పెట్టిన పేరు సూదులమ్మ. సూదులమ్మా, కాఫీ ఏదీ? సూదులమ్మా, నీళ్ళ లారీ వచ్చింది, కుడాలు తీసుకొని దిగు. నిండు బిందె నడుముకెత్తుకొని మెట్లెక్కితే ఆయాసం. ఆయాసమంటే సోమరితనం. "రోగిష్టి కోడలని వీధిలో తెలిస్తే నా కూతురికి సంబంధం వస్తుందా? సూదులు నిలిపెయ్," అంది అత్త. "అమ్మ చెప్పినట్టు చెయ్యి. ఆస్పత్రి చుట్టూ తిరగడం నావల్ల కాదు," అన్నాడు గోపాలస్వామి. నిలిపేసింది. అత్త పోయింది. ఆమె పెట్టిన పేరు మాత్రం కొడుకు నోట్లో మిగిలింది. మొన్న మెట్ల మీద కూలబడితే కూడా, "లే సూదులమ్మా, నాటకాలు చాలు," అన్నాడు.

"వచ్చింది," అంది తాయారు. "సూదులు కూడా వేయించుకున్నానమ్మా. వీళ్ళు నిలిపేయించినారు."

డాక్టరు పెన్ను కింద పెట్టింది.

"మొదటి దెబ్బ ఆ జ్వరానిది. అది మళ్ళీ మళ్ళీ రాకుండా కాపాడేవి ఆ సూదులే. ఇప్పుడు కవాటం మార్చాల్సిందే. ఈ వారంలోనే చేరాలి. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది."

"వచ్చే నెల మా చెల్లెలి కూతురు ఆశ సీమంతం డాక్టర్," అన్నాడు గోపాలస్వామి. "ఈడ వంటకి వేరే మనిషి లేదు గదా. అది అయినంక పార్క్కలాం, చూద్దాం."

డాక్టరు అతని ముఖమే చూస్తూ కూర్చుంది, మనసు మార్చుకుంటాడేమోనని. అందరూ అతని ముఖమే చూస్తారు. బతకాలో వద్దో కూడా అక్కడే అడుగుతారు.

తాయారు కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఈయన్ని బయట కూర్చోమనండమ్మా. ఏ రోజు చేరాలో నాకు చెప్పండి."