తొలకరి దాకా ఆగని కుండీ

“ఎండలు పోనియ్యిన్రి. తొలకరి పడ్డంక నేనే మారుస్త,” అంది చంద్రకళ నాలుగోసారి, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

“మొక్కకు గూడ ముహూర్తమా? చర్చికి పోయెటోళ్ళం, మనకు ముహూర్తాలెక్కడియి?” భర్త కృపాకర్ కోదాడ నుంచి తెచ్చిన పింగాణీ కుండీని హాల్లో అటూ ఇటూ జరిపి చూసుకుంటున్నాడు. అందులో చంటిపిల్లను కూర్చోబెట్టి స్నానం చేయించవచ్చు. “ఆదివారం మనింట్ల ప్రార్థన కూడిక. నలభై మందిని పిలిచిన. గా పెయింట్ డబ్బాల తీగను సూసి ఏమనుకుంటరు?”

నలభై మందికి వండబోయేది తానేనని చంద్రకళకు ఆ మాటతోనే తెలిసింది. ఒంటిపూట బడికి వేళవుతోంది. ఆలస్యమైతే తాను పాఠాలు చెప్పే ఆత్మకూరుకు ఆటో దొరకదని బయల్దేరింది.

ఆ ఐవీ తీగను అదే బళ్ళో పనిచేసిన రుక్కమ్మ టీచర్ రిటైరయి నేరేడుచర్ల వెళ్ళిపోతూ ఇచ్చింది. సూర్యాపేట ఎండ తగలకుండా వంటింటి ఉత్తరపు కిటికీలో పెట్టి పెంచింది చంద్రకళ. ఇప్పుడు డబ్బా అడుగు చిల్లుల్లోంచి వేర్లు బయటికొస్తున్నాయి. పోసిన నీళ్ళు ఆగకుండా కిందికి జారిపోతున్నాయి. కుండీ మార్చాల్సిందే, కానీ ఇంత ఎండలో కాదు. ఇప్పటి డబ్బా కన్నా రెండు వేళ్ళు వెడల్పెక్కువున్న కుండీ చాలు. పెద్దదాంట్లో తడి ఆరక వేరు కుళ్ళుతుంది. ఎర్రమట్టి, ఇసుక, మిర్యాలగూడ మిల్లు నుంచి తెచ్చి కాల్చిన ఊక కలిపి సంచిలో ఉంచింది కూడా. ఆ సంచిలో ఏముందని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అందరూ ఆమెతో మాట్లాడతారు, నిజమే. కానీ ప్రతి మాట చివరా ఒక వస్తువుంటుంది. చార్జరేది, బనీనేది, బీపీ గోళీ ఏది. ఏ వస్తువూ అడగకుండా ఆమె దగ్గర కూర్చునేది ఆ తీగ ఒక్కటే.

ఒంటిగంటన్నరకు వచ్చేసరికి కిటికీ ఖాళీగా ఉంది. హాల్లో పింగాణీ కుండీ నిండా నల్లరేగడి బురద, పైన నిలిచిన నీళ్ళు. అందులో నాలుగు పిలకలుగా విడదీసి, వరుసగా గుచ్చిన ఐవీ తీగ.

“నాటేసిన బిడ్డా,” అంది అత్త ఉప్పలమ్మ, బురద చేతులు కొంగుకు తుడుచుకుంటూ. “వాడు మార్సమన్నడు. వేర్లకు మట్టి లేకుండ కడిగిన, కొసలు తుంచిన. నిడమనూర్ల నా అంత గట్టిగ నాటేసెటోళ్ళు లేకుండె.”

ముప్పై ఏళ్ళు వరినారు పీకి, కడిగి, కొసలు తుంచి, బురదలో బొటనవేలితో నొక్కిన చేతులవి. వాటి మీద చంద్రకళకు కోపం రాలేదు.

“దీనికి నీళ్ళు నిలవొద్దు అత్తమ్మా.”

“నాకెవలు జెప్పిన్రు?” ముసలామె ముఖం చిన్నబోయింది. “ఏసెయ్ అన్నడు, ఏసిన.”

“మమ్మీ, ఇంకోటి ఆన్‌లైన్ల ఆర్డర్ పెడదాం తియ్యి. గింతదానికి గట్ల నిలబడ్డవేంది?” సోఫాలోంచి కూతురు అఖిల.

చంద్రకళ కింద కూర్చుంది. చీపురు పక్కన చెత్తలో పడున్న కొసలను ఒక్కొక్కటే ఏరి, గ్లాసు నీళ్ళలో పెట్టింది. బతికితే ఇవే బతకాలి. కుండీలోవి వారం దాటవు. ఈ ఇంట్లో చెప్పింది ఒకసారైనా వింటారేమోనని ఇరవై రెండేళ్ళుగా ఆగుతూనే ఉంది. గ్లాసు చేతిలో పట్టుకుని ఆ ఖాళీ కిటికీ ముందు చాలాసేపు నిలబడింది. ఎవరూ పిలవలేదు. ఆకలైనప్పుడు పిలిచారు.

అన్నాల దగ్గర కృపాకర్ సంబరంగా ఉన్నాడు. “సూసినవా, అమ్మ గంటల ఖతం జేసింది. నువ్వు తొలకరి తొలకరి అనుకుంట జూన్ దాక సాగదీస్తుంటివి. అవుగని, ఆదివారానికి చికెన్ ఎనిమిది కిలోలు సరిపోతదా?”

చంద్రకళ అత్త పళ్ళెంలో పప్పు వడ్డించింది. ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతుతోనే చెప్పింది.

“ఆదివారం నేనుండ. శనివారం బడి కాంగనే నేరేడుచర్ల పోత, రుక్కమ్మ టీచర్ ఇంటికి. సోమవారం గాన్నుంచే బడికి పోత.”

అఖిల ఫోను దించింది. ఉప్పలమ్మ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపింది.

“మరి నలభై మందికి ఎవరొండాలె?” అన్నాడు కృపాకర్.

“పిలిసేటప్పుడు నన్నడగలే గద. వండేటప్పుడు గూడ అడగకున్రి.”