ఎర్ర ట్యాగ్ కట్టిన కుర్చీ

క్లాంప్ బోల్టుకు స్పానర్ తగిలించి నర్సింగ్ ఒక్క గుంజు గుంజాడు.

"ఇది ఆని మెడకు."

ఇంకో గుంజు. ఇనుము కీచుమంది.

"ఇది ఆని గొంతుకు."

"అన్నా, బోల్టు తెగుతది," కింది పలక మీద నిలబడి పైపు అందిస్తున్న ఇక్బాల్ నవ్వాడు. "కోచ్ సాబ్ ఈడ లేడు. అరబ్బీల జెప్పాల్నంటే మాఫీ కోచ్. ఇది ఉత్త పైపు."

"పైపనుకుంటే శేతులకు బలమొస్తలేదు ర. ఆడనుకుంటే ఒక్క గుంజుకే బిగుస్తున్నది."

శుక్రవారం కాబట్టి డ్యూటీ ఒక్క పూటే. అల్ వుకైర్‌లో లేస్తున్న ఆ అపార్ట్‌మెంట్ చుట్టూ పైపుల గూడు కట్టడం వీళ్ళ పని. ప్రపంచకప్ వచ్చేలోపు ఎడారిలో ఖాళీ జాగా మిగలకూడదన్నట్టు ఎటు చూసినా క్రేన్లే. అల్ తుమామా వైపు దుమ్ములో పెద్ద స్టేడియం గుండ్రంగా, ఇంకా పైకప్పు లేకుండా కనిపిస్తోంది. నర్సింగ్‌కు దాని మీద మనసు లేదు. అతని స్టేడియం వీళ్ళుండే లేబర్ క్యాంప్ వెనక ఉంది. కంకర ఏరేసి, సున్నంతో గీతలు గీసిన మైదానం. ఇవాళ సాయంత్రం అక్కడే కంపెనీల కప్పు సెమీఫైనల్.

పొట్టి మనిషి. పైపులు మోసి మోసి కుడి భుజం మీద చర్మం చెప్పు అట్టలా తేలింది. ముఖానికి చుట్టుకున్న తువ్వాల్లోంచి రెండు ఎర్రటి కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. జగిత్యాల దాటి లోపలికి పోతే అతని ఊరు. దుబాయ్‌లో కొన్నేళ్ళు, సౌదీలో కొన్నేళ్ళు, ఇప్పుడు ఖతర్. ఎక్కడా గొంతెత్తి ఎరగడు. ఫోర్‌మన్ తిట్టినా, క్యాంప్ బాస్ తోసినా, "అచ్ఛా సార్" అనేవాడు. ఫుట్‌బాల్ ఒక్కసారి కూడా ఆడలేదు. కానీ ఇక్కడికి వచ్చిన కొత్తలో ఓ శుక్రవారం ఆ సున్నం గీత పక్కన నిలబడి "కొట్టు ర!" అని అరిచాడు. నోరు మూసుకోమని ఎవరూ అనలేదు. పైగా పక్కనున్న నేపాలీ భుజం చరిచాడు. ఆ రోజు నుంచి నర్సింగ్ గీత పక్కన లేకుండా ఒక్క ఆట జరగలేదు.

"నువ్వే జెప్పు ఇక్బాల్. మనల నీ అంత ఉరికెటోడు ఉన్నడా? నిన్ను దీస్కపోయి ఎనక గోడ లెక్క నిలవెట్టె. నైట్ డ్యూటీ జేసి వచ్చినోళ్ళను ముంగట వెట్టె. ఆళ్ళు నిలవడి నిద్రవోతరు. గదేం ఆట? సరే, ఆట రాదనుకుందాం. కొట్టుడేంది? గోల్ పడితే గోల్‌కీపర్ శెంప పలగ్గొట్టుడేంది? గా బంతి కూడ గంత గట్టిగ తగలదు ర అంజిగానికి."

ఇక్బాల్ నవ్వు ఆగిపోయింది. అంజి నర్సింగ్‌కు బామ్మర్ది. పొడుగ్గా ఉన్నాడని తీసుకెళ్ళి గోల్‌లో నిలబెట్టారు. పోయిన శుక్రవారం ఆట గెలిచినా, ఒక గోల్ వదిలాడని కోచ్ బూటుకాలితో పక్కటెముకల మీద తన్నాడు. అప్పటి నుంచి అంజి ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. మళ్ళీ తన్నితే ఎముక లోపలికి దిగుతుందని క్లినిక్‌లో మలయాళీ నర్సు చెప్పింది. ఆడనని అంజి ఎలా అంటాడు? కోచ్ మధుసూదనే కంపెనీకి సేఫ్టీ ఆఫీసర్. ఒక్క మాట రాస్తే విమానం ఎక్కాల్సిందే.

మధుసూదన్ ఒకప్పుడు గుంటూరు పక్క ఏదో ఇంజనీరింగ్ కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్‌గా చేశాడట. కాపురం క్యాంప్‌లో కాదు, నగరంలో మదీనత్ ఖలీఫాలో. కప్పు గెలిపిస్తే హెడ్డాఫీసులో పెద్ద కుర్చీ ఇస్తామని ఎవరో ఆశ పెట్టారు. ఆ కుర్చీకీ తనకూ మధ్య అంజి చేతుల్లోంచి జారే ప్రతి బంతీ అడ్డమే.

పని ఆపమని విజిల్ వేశారు. పై వరుస ఇంకా కాలేదు. అలాంటి గూడుకు ఎర్ర ట్యాగ్ కట్టి దిగాలి. ఎర్ర ట్యాగ్ ఉన్నచోట ఎంతవాడూ కాలు పెట్టకూడదు. కట్టినవాడే దాన్ని విప్పాలి. రోజూ పొద్దున్నే మధుసూదన్ అందరినీ వరసగా నిలబెట్టి, చేతులు ఎత్తించి ఈ మాట అనిపిస్తాడు. నోరు కదపనివాడి చెవి మెలేస్తాడు. నర్సింగ్ నిచ్చెనకు ఒక ట్యాగ్ కట్టాడు. సంచిలోంచి ఇంకోటి తీసి చూసి, జేబులో పెట్టుకున్నాడు.

బస్సులో గొడవ జలంధర్‌తో మొదలైంది. జలంధర్ మెట్‌పల్లివాడు. కోచ్ సంచి మోస్తాడు. అందుకు ప్రతిఫలంగా ఏసీ బాగా పనిచేసే గది దొరికింది.

"ఏం నర్సింగన్నా, పొద్దంత కోచ్ సారును తిడుతున్నవంట?"

"తిడుతలేను. దించాలె అంటున్న."

"నువ్వు బంతి ముట్టినవా ఎన్నడన్న? గీత బయట మొరుగుడే గద నీ పని."

"నేను మొరుగుత. నువ్వు తోక ఊపుతవ్."

బస్సంతా పగలబడి నవ్వింది. జలంధర్ పిడికిలి వచ్చి నర్సింగ్ నోటి మీద పడింది. పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారింది. మరుక్షణం నర్సింగ్ ఒళ్ళో ఉన్న హెల్మెట్ జలంధర్ చెవిని తాకింది. సీట్ల మధ్య ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి దొర్లారు. పాకిస్తానీ డ్రైవర్ బ్రేక్ కొట్టి, "యల్లా! దోనో నీచే ఉతరో!" అని, ఇద్దరినీ దిగిపొమ్మని అరిచేదాకా ఎవరూ విడదీయలేదు. జలంధర్ చెవి పట్టుకుని వెనక సీటుకు పోయాడు. నర్సింగ్ నోట్లో ఊగుతున్న పన్ను పీకి కిటికీలోంచి విసిరేశాడు.

క్యాంప్‌లో అన్నం ముందు కూర్చోగానే ఫోన్ మోగింది. గౌరవ్వ. ఊళ్ళో ఉన్న భార్య. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకు దుబాయే. బీడీలు చుడుతూనే మాట్లాడుతుంది, కత్తెర చప్పుడు వినిపిస్తోంది.

"మాట గట్లున్నదేంది? మూతి ఏమాయె?"

"మిరపకాయ కొరికిన."

"తమ్ముడు ఫోన్ జేసిండు. ఏడ్శిండు. దుబాయ్‌ల ఆ బంతులాట ముచ్చట నాకెందుకు గని, నా తమ్ముని తన్నినోన్ని నువ్వేం జేసినవ్?"

నర్సింగ్ పళ్ళెంలో అన్నం కలిపాడు.

"ఏం జేస్తవ్ తియ్. పెండ్లి అయినకాంచి సూస్తున్న. ఎవ్వడేమన్నా అచ్ఛా అంటవ్."

కత్తెర చప్పుడు ఆగింది. ఫోన్ పెట్టేసింది. నర్సింగ్ చిట్లిన పెదవితో నాలుగు ముద్దలు మింగి, చెయ్యి కడుక్కుని, జేబు తడిమి చూసుకున్నాడు.

ఎండ వాలేసరికి మైదానం చుట్టూ క్యాంప్ క్యాంపంతా చేరింది. అవతల కరెంటు పనుల కంపెనీ టీమ్. గీత పక్కన తెల్ల ప్లాస్టిక్ కుర్చీలో మధుసూదన్, నల్లకళ్ళజోడు, మెడలో విజిల్. అవతలివాళ్ళు మొదటి నుంచీ మోచేతులతోనే ఆడారు. ఒకడు ఇక్బాల్ మడమ మీద తొక్కాడు. ఇంకొకడు అంజి పక్కలోకి మోకాలు దించాడు. అంజి కుడి చేత్తోనే ఆపుతున్నాడు. ఎడమవైపు వచ్చిన బంతి గోల్‌లోకి పోయింది. కాసేపటికి మళ్ళీ ఎడమవైపే కొట్టారు. మళ్ళీ పోయింది.

సగం ఆట అయ్యింది. మధుసూదన్ కుర్చీలోంచి లేచి నేరుగా గోల్ దగ్గరికి నడిచాడు.

"ఎన్ని వదిలావురా?"

"రెండు సార్. శెయ్యి లేస్తలేదు సార్."

"నాకు సాకులు చెప్తావా?" ఫెడీమని ఒకటి. అంజి తల పక్కకు తిరిగింది. రెండోది చెంప మీద కాదు, పిడికిలి బిగించి సరిగ్గా పక్కటెముకల్లో దించాడు. అంజి గోల్ స్తంభం పట్టుకుని మెల్లగా మోకాళ్ళ మీదికి జారాడు. మైదానంలో ఒక్కరు కూడా కదల్లేదు.

కదిలింది నర్సింగ్ ఒక్కడే. అంజి వైపు కాదు, ఖాళీ కుర్చీ వైపు. జేబులోంచి ఎర్ర ట్యాగ్ తీశాడు. కుర్చీ వీపుకు తీగ చుట్టి, పైపుకు కట్టినట్టే రెండు మెలికలు బిగించి, చేతులు దులుపుకుని పక్కన నిలబడ్డాడు.

తిరిగి వచ్చిన మధుసూదన్ దాన్ని చూసి ఆగాడు. చుట్టూ చిన్నగా నవ్వులు లేచాయి.

"ఎవడ్రా ఇది కట్టింది?"

"నేనే సార్. కూసోకుండ్రి. కూలుతది."

"తియ్యి."

"ఇంక పని కాలె సార్. అయినంక నేనే ఇప్పుత."

నవ్వులు ఆగిపోయాయి. రోజూ పొద్దున అతను చెప్పించే మాటే అది. మధుసూదన్ కణతల దగ్గర నరం ఉబ్బింది. ఒక్క చేత్తో ట్యాగ్ పట్టి లాగాడు. తీగ తెగలేదు. రెండో చెయ్యి వేసి, కాలు కుర్చీకి తన్నిపట్టి పీకాడు. ట్యాగ్ చిరిగి చేతిలోకి వచ్చింది.

వెనకెక్కడి నుంచో ఒక గొంతు: "కట్టినోడే ఇప్పాలె!"

ఇంకో గొంతు కలిసింది. తర్వాత పది. తర్వాత అందరూ. రోజూ పొద్దున నిద్రమొహాలతో గొణిగే ఆ మాట ఇప్పుడు చేతులు ఎత్తి మరీ అరుస్తున్నారు. నేపాలీలు, బెంగాలీలు తమ యాసలో అదే మాట. ఇక్బాల్ మైదానం నడుమ చతికిలబడ్డాడు. అతన్ని చూసి మిగతా ఆటగాళ్ళు. ట్యాగ్ పీకేసిన గూడు ఎవరూ ఎక్కరు.

మధుసూదన్ కుర్చీ ఎత్తి నర్సింగ్ తల మీద కొట్టాడు. ప్లాస్టిక్ కాలు విరిగి ఎగిరిపోయింది. నర్సింగ్ పడిపోయి, లేవబోయాడు. బస్సులో తిన్న దెబ్బ కసితో పరుగున వచ్చిన జలంధర్ బూటు ముందే అతని పొట్టను చేరింది. డ్యూటీ బూటు, ముందు ఇనుప టోపీ ఉన్నది. ఒకసారి. ఇంకోసారి, ఎడమ డొక్కలో. ఆపై జనం ఆ కొట్టిన ఇద్దరి మీదికి విరుచుకుపడ్డారు. పిడికిళ్ళు, రాళ్ళు, బెల్టులు. సెక్యూరిటీవాళ్ళు వచ్చేసరికి మధుసూదన్ కళ్ళజోడు పగిలింది, చొక్కా జేబు వేలాడుతోంది. కప్పు నిర్వాహకుడు కన్నడాయన అంతా చూశాడు. మధుసూదన్‌ను గేటు దాకా నడిపించి, "ఈ మనిషి మళ్ళీ ఈ మైదానంలో కాలు పెట్టకూడదు," అని అందరికీ వినిపించేలా చెప్పాడు. కారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఆడతారా, వదిలేస్తారా అని రిఫరీ అడిగాడు. ఇక్బాల్ కుంటుతూ లేచి, "ఆడ్తం," అన్నాడు. అంజిని బయట కూర్చోబెట్టి, మెస్‌లో వంట చేసే తిరుమలను గోల్‌లో నిలబెట్టాడు. తిరుమల లుంగీ ఎగగట్టుకుని దిగాడు.

"క్లినిక్‌కు పోదాం బావా," పక్కన కూలబడిన అంజి అన్నాడు. "నీ మొఖం తెల్లగైంది."

"నువ్వు పో. పక్క సూపించుకో. నేను ఆట అయినంక వస్త."

"నువ్వు వస్తెనే పోత."

"సప్పుడు జెయ్యకు. సూడనియ్ ర."

కోచ్ లేకుండా కూడా ఓడిపోయారు. ఇంకాస్త ఘోరంగా ఓడిపోయారు. తిరుమల కాళ్ళ సందులోంచి ఒకటి, లుంగీలోంచి ఒకటి పోయాయి. లుంగీలోంచి పోయినప్పుడు అవతలివాళ్ళు కూడా కూలబడి నవ్వారు. నర్సింగ్ అరవబోయాడు కానీ గొంతు రాలేదు. తన్నింది పొట్టలో, లాగుతున్నది ఎడమ భుజం. అంత ఉక్కలో చలి పుడుతోంది. ఎన్ని నీళ్ళు తాగినా నాలుక పిడచగట్టుకుపోతోంది.

ఆట అయ్యాక నర్సింగ్‌నూ అంజినీ క్లినిక్‌లో దింపడానికి బస్సు తెప్పించారు. సగం టీమ్ కూడా ఎక్కింది. జలంధర్ ఎక్కాలా వద్దా అని మెట్టు మీద కాసేపు తచ్చాడి, ఎక్కి, నర్సింగ్ పక్కన కూర్చున్నాడు. ఆటగాళ్ళకు పంచిన నారింజపండు ఒకటి అతని చేతిలో ఉంది.

"తిను అన్నా. నోరు తడుపుకో. నేను గంత గట్టిగ కొట్టాలనుకోలె."

నర్సింగ్ పండు తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "కోచ్ పోయిండు గద?"

"పోయిండు. ఇగ రాడు."

"గౌరవ్వకు నువ్వు జెప్పు అంజిగా. నేను జెప్తే నమ్మది."

"ఇగ ఇక్బాల్ భాయే కోచ్!" వెనక నుంచి ఎవరో అరిచారు.

నర్సింగ్ బలమంతా కూడగట్టుకుని మెడ తిప్పాడు. "ఇక్బాల్‌ను గూడ దించాలె. తిరుమలను గోల్‌ల వెట్టుడేంది ర? మంచిగ పప్పు వండెటోన్ని ఖరాబ్ జేసినవ్."

బస్సు దద్దరిల్లింది. తిరుమల లుంగీ విప్పి ఇక్బాల్ మీద విసిరాడు. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఆ గోల మధ్య నర్సింగ్ కిటికీకి తల ఆనించి, బొటనవేలి గోరుతో పండు తొక్క మొదలుపెట్టాడు. కాసేపటికి అతని తల జలంధర్ భుజం మీదికి ఒరిగింది. అలిసిపోయాడనుకుని జలంధర్ కదలకుండా కూర్చున్నాడు. క్లినిక్ ముందు బస్సు ఆగి, "బావా, దిగు," అని నర్సింగ్ చల్లబడ్డ చెయ్యిని అంజి పట్టుకునేదాకా అలాగే కూర్చున్నాడు.

తర్వాత అరుపులు, పరుగులు, స్ట్రెచర్. అందరూ దిగిపోయారు. డ్రైవర్ లైట్లు ఆర్పడానికి వెనక్కి వచ్చాడు. కిటికీ పక్క సీట్లో నారింజపండు ఉంది. తొడిమ దగ్గర గోరంత తొక్క లేచి, రసం ఊరుతోంది.