తీగ వెయ్యని కాలు

మా టెస్టింగావిడకి మోకాళ్ళ నొప్పులు లేకపోతే నాకీ సంగతి ఇప్పటికీ తెలిసేది కాదు.

సర్క్యూట్ బోర్డు మొరాయిస్తే ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టడం మా వర్క్‌షాపులో అందరికీ ఒంటబట్టిన అలవాటు. ప్లగ్గేమో బల్ల కింద. ఆ పొద్దున ఆవిడ వంగలేక, "ఎవరు వంగుతారమ్మా ఇప్పుడు" అని బోర్డు మీదున్న రీసెట్ బటన్ నొక్కింది. బోర్డు లేవలేదు. మళ్ళీ నొక్కింది. ఊహూఁ. నేను విసుక్కుంటూ వెళ్ళి ప్లగ్గు పీకి పెడితే బుద్ధిగా లేచింది.

"చూశారా, మీ హస్తవాసి!" అని ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ బోర్డు డిజైన్ నాది. అది రోగులకి ఊపిరి అందించే మెషీన్లో ఉండే బోర్డు.

దాని మీద పెద్ద చిప్పు ఒకటుంటుంది. మనకి కావలసినట్టు మలుచుకోవచ్చు గానీ, దానికి జ్ఞాపకశక్తి సున్నా. లేచిన ప్రతిసారీ పక్కనున్న చిన్న ఫ్లాష్ మెమరీలోంచి, నాలుగు సన్నటి తీగల మీదుగా, పాఠమంతా మొదటినుంచీ చదువుకోవాల్సిందే. పాత ఫ్లాష్ దొరక్క ఈ మధ్యే పెద్ద సైజుది తెచ్చాం. కరెంటు అందిన వెంటనే అది, ఎక్కణ్ణుంచి చదవాలో చెప్పమని మూడు బైట్ల, అంటే మూడు ముక్కల, చిరునామా అడుగుతుంది. రోగి వివరాలు దాని పై సగంలో రాయాలంటే నాలుగు బైట్ల పద్ధతికి మార్చాలి. మార్చాం. అయితే పెద్ద చిప్పు మధ్యలో రీసెట్ అయిందంటే, పాత అలవాటు కొద్దీ మూడే చెబుతుంది. ఫ్లాష్ నాలుగోదాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇక చదువు మొదలయ్యేదేముంది? కరెంటు పూర్తిగా పోయి వస్తేనే అది మళ్ళీ మూడుకి దిగుతుంది. ఫ్లాష్‌కీ ఒక రీసెట్ కాలుంది, అంటే పిన్ను. ఒక్క తీగతో దాన్ని పెద్ద చిప్పు రీసెట్‌కి కలిపి ఉంటే, రెండూ ఒకేసారి మొదటికొచ్చేవి, ఈ గొడవే లేదు. "ఆ తీగకి చోటెక్కడుంది, ఎలాగూ ప్లగ్గు పీకుతాం కదా" అన్న మహాతల్లిని నేనే. మెషీన్ లోపల బ్యాటరీ ఉంటుందనీ, ఆసుపత్రిలో ప్లగ్గు పీకినా బోర్డుకి కరెంటు పోదనీ నా మట్టిబుర్రకి తట్టలేదు.

పరుగున మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన తలుపు వేసి మరీ అన్నాడు. "నలభై మెషీన్లు బయటికెళ్ళిపోయాయండీ. మీటింగ్ అయ్యేదాకా మీరు నోరు మెదపకండి. ఇది బయటికి పొక్కితే మనందరం రోడ్డున పడతాం."

నేను తలూపాను. అంత నోరున్నదాన్ని, తలూపాను.

మధ్యాహ్నం మా మరదలు ఫోన్ చేసింది. తమ్ముడికి కడుపు ఆపరేషన్ అయిందనీ, ఇంకా మత్తులోనే ఉంచారనీ చెప్పింది. "కొత్త మెషీన్ పెట్టారు వదినా, ఇవాళే డబ్బా విప్పారట. చుట్టూ ఆకుపచ్చ అంచు, ఎంత ముద్దుగా ఉందో!"

ఆకుపచ్చ అంచు మాదే.

ఆసుపత్రికి ఎలా వెళ్ళానో నాకే తెలీదు. తమ్ముడు నోట్లో గొట్టంతో, కళ్ళు మూసుకుని పడుకున్నాడు. చిన్నప్పుడు నాతో జుట్టూ జుట్టూ పట్టుకున్న వెధవ, ఇప్పుడు వాడి ఛాతీ నా బోర్డు లేపితే లేస్తోంది. గోడ మీద కాగితం అంటించి ఉంది: రోజూ నాలుగు గంటలకి జనరేటర్ పరీక్ష, లైట్లు క్షణం ఆరుతాయి, కంగారు పడవద్దు. కరెంటు పోయి బ్యాటరీ అందుకునే ఆ ఒక్క కుదుపు చాలు, పెద్ద చిప్పు రీసెట్ కావడానికి; ఫ్లాష్‌కి మాత్రం అది ఆనదు. గడియారం చూస్తే మూడున్నర.

నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను. నిజం గొంతు దాకా వచ్చింది. మేనేజరు మొహమూ, నేను వెయ్యని తీగా కళ్ళ ముందు ఆడాయి. వచ్చింది మాత్రం వేరే మాట.

"సిస్టర్, పక్క గదిలో పాత మెషీన్ ఖాళీగా ఉందిగా. మావాడికి అది పెట్టండి. కొత్తవంటే మా ఇంట్లో భయం."

"అందరూ కొత్తది కావాలని నా ప్రాణం తీస్తారు, మీరేంటమ్మా!" అందావిడ. కాళ్ళావేళ్ళా పడ్డాను. సణుగుతూనే డాక్టర్ని అడిగి మార్చేసింది. పాత మెషీన్ బుస్సు బుస్సుమంటూ ఊపిరి పోస్తుంటే, అమ్మయ్య అనుకుని కుర్చీలో కూలబడ్డాను. మరదలు నీళ్ళిచ్చింది. తాగాను.

నాలుగింటికి ఇంకా ఆరు నిమిషాలున్నాయి. అద్దం తలుపు అవతల మంచం ఒకటి కదిలి వచ్చింది. ఆపరేషన్ గదిలోంచి ఎవరో ఆడమనిషిని తెచ్చారు. వెనకాలే ఆవిడ భర్త, ఆవిడ కళ్ళజోడు చేత్తో పట్టుకుని. మంచం పక్కన ఆకుపచ్చ అంచు, మావాడికి తీసేసిన మెషీనే. గొట్టం ఆవిడ నోట్లోకి.

బాగున్న మెషీనే కదా అనుకుని పెట్టేశారు. అలా అనుకునేలా చెప్పింది నేనే.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక క్షణం లేవలేదు. తమ్ముడి ఛాతీ లేస్తోంది, దిగుతోంది. నాదాకా రాలేదు కదా అని ఒక మాట లోపల మెదిలింది. నామీద నాకే అసహ్యం వేసింది. గ్లాసు పడేసి పరిగెత్తాను.

"ఆ మెషీన్ తీసెయ్యండి! నాలుగింటికి ఆగిపోతుంది!"

నర్సమ్మ తిరిగి చూసింది. "ఇందాక కొత్తవంటే భయమన్నారు?"

"అబద్ధం చెప్పాను. అందులో బోర్డు నేను చేసిందే. తప్పు చేశాను. కరెంటు కుదుపుకి రీసెట్ అయితే మళ్ళీ లేవదు."

"స్విచ్ ఆపి వేస్తే?"

"ఆ స్విచ్ కూడా బోర్డు చేతిలోనే ఉంది. వెనక పలక విప్పి బ్యాటరీ పీకాలి."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పెద్దగా కేకేసి ఇంకో మెషీన్ తెమ్మంది. గోడకి తగిలించిన, చేత్తో నొక్కి ఊపిరి పోసే గాలి సంచి లాగి, గొట్టానికి తగిలిస్తోంది. జనరేటర్ ఆపమని ఎవరో కిందికి ఫోన్ చేశారు. అవతల ఎత్తలేదు. లైట్లు ఆరి వెలిగాయి. ఆకుపచ్చ అంచు మధ్య తెర నల్లబడింది. కుయ్యోమని అలారం మొదలైంది.

అప్పటికే నర్సమ్మ సంచి నొక్కుతోంది. ఒకటి, విరామం, రెండు. ఆ ఆడమనిషి ఛాతీ లేచింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను.

"ఇలాంటివి ఇంకెన్నున్నాయి?" నర్సమ్మ నా మొహం చూడకుండా అడిగింది.

"ముప్పై తొమ్మిది."

"ఎక్కడ?"

నాకు తెలీదు. అడగనేలేదు.

మేనేజరుకి చేస్తే ఫోన్ కట్ చేశాడు. సరుకు పంపే గుమాస్తాకి చేసి, మెషీన్లు వెళ్ళిన ఆసుపత్రుల జాబితా చదవమన్నాను. "మేనేజరు గారు వద్దన్నారే" అని నసిగాడు. "నీకు దణ్ణం పెడతాను, చదువు!" అని అరిచాను. చదవడం మొదలెట్టాడు. మొదటి ఆసుపత్రి పేరు పైకి అన్నాను, రాసుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ ఆడమనిషి భర్త కళ్ళజోడు జేబులో పెట్టుకుని, మందుల చీటీ వెనక్కి తిప్పాడు. నేను చెప్పిందంతా ఆయన విన్నాడు. కళ్ళనిండా నీళ్ళు, చెయ్యి మాత్రం వణకలేదు.

"కాస్త మెల్లిగా చెప్పండి," అన్నాడు, "రాస్తున్నాను."