మందకు ముందు నడిచే మనిషి

"గొర్లు అవే మేస్తాయి. నీదేముంది పని?"

ఈ మాట నల్లప్ప పెళ్ళయిన కొత్తలో అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా అంటూనే ఉన్నాడు. ఆ పొద్దున కూడా ఈరక్క దొడ్డిలో వంగి పెంటికలు ఊడుస్తూ ఆ మాటే విన్నది. నడుము పట్టేసింది, ఈ ఒక్క పొద్దు నువ్వు ఊడుస్తావా అని అడిగింది, అంతే. నల్లప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకొని, ఆ మాట అనేసి, టీ అంగడికి పోయాడు.

అవే మేస్తాయట. ఈరక్క చీపురు ఆనుకొని నిలబడి నలభై రెండు గొర్రెల మొహాలూ చూసింది. దేనికి ముందుకాలి గిట్ట చీలిందో, ఏది పిల్లను పొదుగు దగ్గరికి రానీయదో, ఏది తడిగడ్డి తింటే కడుపు ఉబ్బి పడిపోతుందో ఆమెకు తెలుసు. అన్నిటికంటే ముందు నిలబడి ఆమె కొంగు నములుతున్న బొల్లి గొర్రె పుట్టిన రెండో రోజే దాని తల్లి చచ్చిపోయింది. సీసాతో మేకపాలు పట్టి, కొంగులో చుట్టుకొని, నెల రోజులు పక్కలో పడుకోబెట్టుకున్నది. అప్పుడు అత్త బతికే ఉంది. మనుషుల పిల్లల్ని కూడా ఇంతగా సాకలేదు ఈమె అని ఊరంతటికీ చెప్పి నవ్వింది. అదే అత్త, మంద పెరిగినాక, మా నల్లప్ప మంద బలే ఉండాది అని అదే ఊరికి చెప్పింది. మంద ఎప్పుడూ నల్లప్ప మందే. అమ్మేటప్పుడు బేరం ఆడేది నల్లప్ప. జాతరలో పొట్టేలు గెలిస్తే తలకు రుమాలు కట్టించుకొనేది నల్లప్ప. కొండమీద వాన పట్టుకుంటే తొమ్మిది పిల్లల్ని కంబళి కింద దాచి రాత్రంతా తడిసింది ఎవరో, ఆ సంగతి గొర్రెలకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఆ మందనే అమ్మేస్తానంటున్నాడు. కారణం లేకపోలేదు. వాళ్ళ ఊరు కనగానపల్లి చుట్టూ చేలల్లోకి సోలారు ప్లాంటు వచ్చింది. వాళ్ళ మూడెకరాలూ కౌలుకు పోయాయి. కంచె పడినాక మేపు దూరమైంది. ఈ ఎండలు ముదిరేలోగా గొర్రెలను పెనుకొండ వాళ్ళకు ఇచ్చేద్దామని నల్లప్ప మాట కూడా ఇచ్చేశాడు. ఈరక్కను అడగలేదు. అడగాలని అతనికి తోచనైనా లేదు.

ప్లాంటు మీద మాత్రం ఈరక్కకు కోపం లేదు. రోజూ పొద్దున్నే ఇంకో ఆరుగురు ఆడవాళ్ళతో పోయి, పొడుగు కర్రకు కట్టిన బ్రష్షుతో సోలారు పలకల మీది దుమ్ము కడుగుతుంది. తొమ్మిదికి తిరిగొచ్చి మందను కొండకు తోలుకుపోతుంది. కడిగిన పలక మీద పొద్దు పడినప్పుడు ఆమెకు ప్రతిసారీ వింతగానే ఉంటుంది. అదే ఎండ. వాళ్ళ నాయన వేసిన వేరుశనగను ఏడేళ్ళు వరసగా మాడ్చిన ఎండ. ఇప్పుడు అది పలకల్లోకి దిగి, తీగల్లో నడిచి, యాడో పట్నంలో ఎవరింట్లోనో మిక్సీ తిప్పుతోంది. ప్లాంటు ఇంజినీరు మాధవీలత ఒకసారి చెప్పింది, దేశం బొగ్గు తగ్గించుకొని ఎండమీద బతకబోతోందని, ఇలాంటి ప్లాంట్లు ఇంకా ఎన్నో వస్తాయని. ఆ మాట విన్న రోజు ఈరక్క రెండు పలకలు ఎక్కువ కడిగింది.

అయితే ఆ పలకల కింద గడ్డి మోకాలెత్తు పెరిగేది. నీడ ఉంటుంది, కడిగిన నీళ్ళు పడతాయి, మేసే నోరు లేదు. పెరిగితే పలకకు నీడ, ఎండితే నిప్పు భయం. మిషను పెట్టి కోయిస్తే రాళ్ళు ఎగిరి పలకలు పగిలాయి. మాధవీలత తల పట్టుకొని కూర్చున్న పొద్దున ఈరక్క బ్రష్షు దించి అన్నది.

"నా గొర్లను వదలండి మేడమ్. రాయి ఎగరదు, నిప్పు పుట్టదు."

మాధవీలతకు ఆ మాట నచ్చింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల ఆమె. ఇంజినీరు అయినా, పై ఆఫీసు మీటింగుల్లో ఆమె చెప్పిన మాటను పక్కనున్న మగవాడు మళ్ళీ చెప్తేనే వినపడుతుంది. వారం రోజులు పోరాడి, ఒక మందకు రెండు రోజులు పరీక్ష పెట్టడానికి ఒప్పించింది. గేటు పాసు మీద మంద యజమాని పేరు రాయాలన్నారు. ఊళ్ళో విచారించారు. నల్లప్ప అని రాశారు.

పేరు పడగానే నల్లప్పకు హుషారు వచ్చింది. మొదటి రోజు తానే తోలుకొస్తానన్నాడు. మేకలను తీసుకురావద్దని ఈరక్క ముందురోజు నుంచీ చెప్తూనే ఉంది. ఆ వైపు ఏ మందకైనా ముందు ఒక మేకపోతు నడుస్తుంది. గొర్రె తల వంచుకొని ముందుదాని వెనకే పోతుంది, దారి చూసేది మేక. మేక లేని మందను యాడన్నా చూసినావా, నగుబాటు చేస్తావా నన్ను అని నల్లప్ప గంట కట్టిన మేకపోతును ముందు పెట్టుకొని వచ్చాడు. పరీక్ష చూడటానికి హిందూపురం నుంచి మేనేజరు గిరిధర్ కూడా వచ్చాడు. గొర్రెలు గడ్డిలో తల పెట్టనే లేదు, మేకపోతు పలక అంచు మీద కాలు వేసింది. అక్కడి నుంచి ఒక్క దూకు దూకి, పలకల పైవరస మీద నిలబడి, కొండమీద నిలబడినట్టు నాలుగు దిక్కులూ చూసింది. కాళ్ళ కింద అద్దం సాలెగూడులా చిట్లింది.

గిరిధర్ మేకపోతును ఏమీ అనలేదు. మాధవీలత వైపు తిరిగి, పలకలు కడిగేవాళ్ళ సలహాలతో ప్లాంటు నడపకూడదమ్మా అన్నాడు. ఆమె మొహం ఎర్రబడింది. ఇంకొక రోజు ఉంది కదా సార్ అని మాత్రం అన్నది.

కడిగే పని అయినాక మాధవీలత ఈరక్క పక్కన పైపు మీద కూర్చుంది. "మా ఇంట్లో మగ్గం మా నాయనది. దారం కండెలన్నీ చుట్టేది మా అమ్మ. చీర ఎవరు నేసినారంటే అందరూ నాయన పేరే చెప్తారు" అన్నది. ఆ మాట ఇంటిదాకా ఈరక్కతోనే నడిచి వచ్చింది.

రెండో రోజు నల్లప్ప మేకలను కట్టేసి, ఒక్క గొర్రెలనే తోలుకొని వచ్చాడు. గేటు దాకా అలవాటు దారి, వచ్చాయి. గేటు దాటినాక పలకల మెరుపు, కింద నల్లటి నీడ. మంద ముద్దలా దగ్గరపడి నిలబడింది. అదిలించాడు. గుండ్రంగా తిరిగి మళ్ళీ అక్కడే నిలబడ్డాయి. ఈల వేశాడు. కర్ర నేలకు కొట్టాడు. చివరికి ఒక పొట్టేలు మెడ పట్టి లాగితే అది అతన్నే పడేసింది. కాపలావాళ్ళు నవ్వారు. గిరిధర్ గడియారం చూసుకున్నాడు.

పదో వరసలో పలకలు కడుగుతున్న ఈరక్క ఇదంతా చూసింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆమెకు తన పని బయట నిలబడి కనిపించింది. తాను లేని చోట అది ఎంత పెద్దగా ఉందో కనిపించింది. అవే మేసేటట్టయితే ఈపాటికి మేస్తూ ఉండాలి కదా. బ్రష్షు పలకకు ఆనించి, తడి చేతులు కొంగుకు తుడుచుకొని, నాలుకతో చిన్న సద్దు చేసింది. కేక కాదు. పక్కన కడిగే ఆమెకు కూడా సరిగా వినపడలేదు.

బొల్లి తల ఎత్తింది. మందను చీల్చుకొని పరుగెత్తుకొచ్చింది. దాని వెనక నలభై ఒకటి. ఈరక్క వెనక్కి చూడకుండా పలకల నీడలోకి నడిచింది. తలలు దిగాయి. కొద్దిసేపటికి వరసల మధ్య గడ్డి తెగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మధ్యాహ్నానికి నాలుగు వరసలు గొరిగినట్టు నున్నగా అయ్యాయి. ఒక్క పలకకు గీత పడలేదు. ఎండ పైన కరెంటు చేస్తుంటే గొర్రెలు కింద నీడలో పడుకొని నెమరు వేశాయి. ఇలాగే మిగిలిన ప్లాంట్లకు కూడా మందలు కావాలని గిరిధర్ ఫోనులో ఎవరికో చెప్తున్నాడు. మాధవీలత నవ్వుతూ ఉంది.

నల్లప్ప పేరుతోనే ఏడాది పాసు రాసి తెచ్చారు. నల్లప్ప ముందుకొచ్చాడు. "పేరు నాదే ఉండనీండి సార్. గొర్లు నావి. ఆమె ఊరికే ఎంట ఉంటాది."

ఈరక్క లేచి గేటు వైపు నడిచింది. బొల్లి లేచింది, మంద లేచింది. నలభై రెండూ ఆమె వెనకే గేటు దాటి రోడ్డు మీద నిలబడ్డాయి. ఆమె అక్కడి నుంచే అన్నది.

"ఆయప్ప పేరే రాసుకోండి సార్. గొర్లు అవే మేస్తాయంట. మేపించుకోండి."

గిరిధర్ ఖాళీ వరసల వైపు చూశాడు. తర్వాత పాసు మీద నల్లప్ప పేరు కొట్టేసి, కాగితాన్ని మాధవీలతకు ఇచ్చాడు. ఆమె గుండ్రటి అక్షరాలతో ఈరక్క అని రాసింది. రాసి, వినపడేటట్టు చదివింది.

ఇంటికి పోయే దారిలో నల్లప్ప మంద వెనకాల నడిచాడు. దుమ్మంతా అతని మీదే పడింది. పెనుకొండ వాళ్ళకు రావద్దని తానే కబురు చెప్తానని గొణిగాడు. ఊరు దగ్గర పడ్డాక అడిగాడు.

"మరి రేపటి నుంచి నేనేం చేయల్ల?"

ఈరక్క వెనక్కి తిరగలేదు.

"చీపురు దొడ్డి గుంజకు తగిలించి ఉండాది" అన్నది.